కొండదారిలో రాత్రి మజిలీ



పగలు నడువగల దూరము, రాత్రి నిలువదగిన చోటు, ఈ రెండును కలిసినదే మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథలు చదువని పెద్దలు మనలో అరుదు. అందు మణిసిద్ధుడు గోపకుమారునకు కథ చెప్పునది దారి నడచుచు గాదు, మజిలీ చేరి వంటయు భోజనమును ముగిసిన పిమ్మట. కాళ్లు నిలిచిన పిదపనే మనస్సు కదలునని ఆ గ్రంథకర్త యెరుగును. నేడు నేను చెప్పబోవునదియు మజిలీని గూర్చియే. అయితే ఇది మైదానమందలి మజిలీ గాదు. హిమవంతమున గాలి పలుచబడిన యెత్తున, చలిగాలికి తలుపు మూసికొని, ముక్కు మొగ మెరుగని వారి నడుమ రాత్రి గడపు మజిలీ.

ఇది మనకేల యందురా? ప్రతి సంవత్సరమును ఎండకాలము వచ్చుసరికి ఓరుగల్లు, హనుమకొండ, జనగామ, నర్సంపేట ప్రాంతముల నుండి ఎన్నో జట్లు ఉత్తరయాత్రకు బయలుదేరుచున్నవి. ఆ జట్లలో పెక్కుమంది అరువదేండ్లు దాటినవారు. పంట ఇల్లు చేర్చి, పిల్లల పెండ్లిండ్లు చేసి, మోకాళ్లలో సత్తువ యుండగానే ఒకమారు కేదారేశ్వరుని చూచి రావలెనని పోవువారు. వారి కోరిక మంచిది. ఆ కోరిక ప్రాణము మీదికి రాకుండుటకు ఏమి చేయవలెనో విన్నవించుటయే నా యుద్దేశము. ఒక్క మాటలో చెప్పవలెనన్న, కొండపై గడపు రాత్రిని యాత్రలో వ్యర్థమైన కాలముగా లెక్కింపకుడు. యాత్రికుని కాపాడునది అదియే.

ముందుగా ఎత్తుల లెక్క చూతము. మన ఓరుగల్లు సముద్రమట్టమునకు సుమారు 270 మీటర్ల యెత్తున నున్నది. శ్రీశైలము సుమారు 450 మీటర్లు, తిరుమల సుమారు 850 మీటర్లు. కేదారనాథ మన్ననో 3,583 మీటర్లు, అనగా పదునొకండువేల ఏడువందల అడుగులకు పైమాట. తిరుమల కొండలు నాలుగు ఒకదానిపై నొకటి నిలిపినను ఆ యెత్తునకు చాలదు. "మోకాళ్లమీద తిరుమల యెక్కినాను, కేదార మొక లెక్కా?" అను పెద్దమనుషులను నేనెరుగుదును. మోకాళ్ల బలము వేరు, గాలి సంగతి వేరు. కేదారమున గాలియొత్తిడి సముద్రతీరమందలి యొత్తిడిలో మూడింట రెండు వంతులకు మించదు. కావున ఒక్కొక్క శ్వాసతో మన కందు ప్రాణవాయువును అంతకే తగ్గును. వంట చేయువారికి ఇది తేలికగా బోధపడును. మన యింట నీరు దాదాపు 100 డిగ్రీల వేడికి మరగును, అచ్చట సుమారు 88 డిగ్రీలకే మరగును. ఎసరు తెర్లుచున్నట్లే కనబడును గాని, ఎంతసేపు మంట పెట్టినను కందిపప్పు మెదుగదు.

ఈ కొరతకు దేహము తానే ఉపాయము వెదకికొనును. శ్వాస వేగిరపడును, గుండె త్వరగా కొట్టుకొనును, కొన్ని దినములకు రక్తము సైతము ఆ గాలికి అనువుగా మారును. కాని యీ మార్పునకు వ్యవధి కావలెను. ఆ వ్యవధి నిచ్చునది రాత్రి మజిలీ. 3,000 మీటర్లు దాటిన పిమ్మట, ఒక రాత్రి పరుండిన చోటికంటె మరునాటి రాత్రి పరుండు చోటు 500 మీటర్లకు మించి ఎత్తుగా నుండరాదని వైద్యులు చెప్పుచున్నారు. పగలు ఎంత యెక్కితిమనుట రెండవ మాట. రాత్రి ఎచ్చట తల వాల్చితిమనుటయే మొదటి మాట. ఈ సూత్ర మొక్కటి జ్ఞాపక ముంచుకొనుడు.

పూర్వకాలపు యాత్రికులు ఈ శాస్త్రము చదువలేదు, అయినను దానిని పాటించిరి. హృషీకేశము నుండి కేదారమునకు నడచిపోవు దినములలో దారి పొడవునను కొన్ని మైళ్ల కొకటిగా "చట్టీ"లనబడు విడుదులు వెలసినవి. గడ్డికప్పుతోనో పలకరాళ్లతోనో కట్టిన పాక, మట్టి యరుగు, ఒక కొట్టు. ఆ కొట్టులో పిండి, పప్పు, నేయి కొనినవారికి వంటపాత్రలును తల దాచుకొను చోటును ఊరకనే దొరకెడివి. దినమున కొక చట్టీ రెండు చట్టీలుగా ఎక్కుచు వారు పలుదినములకు కేదారము చేరెడివారు. కాళ్లు నడచినంత మాత్రమే దేహము పైకి పోయెను, దేహము పోయినంత మాత్రమే శ్వాస అలవడెను. మందులు లేని ఆ కాలమున చట్టీయే మందు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఒక సన్యాసి ఆ దారిలో యాత్రికుల యిక్కట్లు చూచి, హృషీకేశము కేంద్రముగా ధర్మశాలలును అన్నసత్రములును ఏర్పరచెను. ఆయన నల్లకంబళి కప్పుకొని తిరుగుటచే జను లాయనను "కాలీకమ్లీవాలా" అనిరి. ఆ పేరు వినినప్పుడెల్ల నాకు మన కురుమలు నేయు గొంగడి మనస్సులో మెదలును. నల్లగొఱ్ఱెల ఉన్నితో చేసిన గొంగడి వానకును చలికిని ఒక్కటే కప్పు. కొండమీది సన్యాసికిని మన మందకాపరికిని తోడు ఆ నల్లకంబళియే. నేడును యాత్రకు పోవువారు వన్నెవన్నెల చొక్కాలు నాలుగు తగ్గించి ఒక మంచి గొంగడి మూటలో పెట్టుకొనిన, దాని విలువ మొదటి రాత్రియే తెలిసికొందురు.

దారినపోవువానికి ఆశ్రయమిచ్చుట మన నేలకు క్రొత్త గాదు. రుద్రమదేవి కాలమున, 1261లో చెక్కబడిన మల్కాపుర శాసనమున, రాజగురువైన విశ్వేశ్వర శివాచార్యులు మఠమును, అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పిన వృత్తాంతము కలదు. అన్నము కోరి వచ్చినవారికి కులభేదము లేక పెట్టవలెనని అందున్నది. పాలకుర్కి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రకు పర్వతప్రకరణమను పేర ఒక భాగమునే కేటాయించెను. కొండవీటి రెడ్డిరాజులలో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. కొండ నెక్కువానికి మెట్టు, ఎక్కి అలసినవానికి అరుగు: ఈ రెండును పుణ్యకార్యములని మనవారు నమ్మిరి. కేదారముతో మనకు మరియొక సంబంధమును కలదు. వీరశైవుల పంచపీఠములలో ఒకటి ఊఖీమఠమందలి కేదారపీఠము, మరియొకటి మన శ్రీశైలము. మన కొలనుపాకయో రేణుకాచార్యుల యావిర్భావస్థానముగా వారిచే పూజింపబడుచున్నది. హేమంతమున మంచు కప్పినప్పుడు కేదారేశ్వరుని ఉత్సవమూర్తి ఊఖీమఠమునకే దిగివచ్చును. స్వామియే ఎత్తు విడిచి దిగుచుండగా మనకు దిగుటలో నామోషి యేల? ఈ మాట మీరు మరువకుడు, మరల దీనిని స్మరింపవలసి వచ్చును.

1962 నాటి సరిహద్దు యుద్ధము తరువాత ఆ పర్వతములందు మోటారు రహదారులు వేగముగా పెరిగినవి. నడకదారి చట్టీలు ఒక్కొక్కటియే పాడువడెను. నేడు హృషీకేశమున ఉదయము బండి యెక్కినవాడు సాయంకాలమునకు గుప్తకాశి దాటిపోవుచున్నాడు. మరునాడు 1,982 మీటర్ల యెత్తున నున్న గౌరీకుండము నుండి గుఱ్ఱము మీదనో డోలీలోనో బయలుదేరి ఆ రాత్రికే 3,583 మీటర్ల యెత్తున పక్క పరచుచున్నాడు. హెలికాప్టరు ఎక్కినవానికి ఆ పాటి వ్యవధియు లేదు, కొన్ని నిమిషములలో దించివేయును. గడియసేపు దర్శనము చేసికొని వెంటనే దిగివచ్చువానికి కొంత నయము. దిగినవాడు అచ్చటనే పరుండిననే చిక్కు. పలుదినముల మజిలీలను ఒక దినమున మింగిన దేహము ఆ రాత్రి లెక్క యడుగును. 2022 యాత్రాకాలమున చార్ ధామ్ దారులలో నూటికి పైగా యాత్రికులు మరణించిరి. గుండె ఆగి పోయినవారే వారిలో అధికులు. ఆ పిమ్మట ప్రభుత్వము వయసు మళ్లినవారికి వైద్యపరీక్షలను గూర్చియు, దారిలో విశ్రాంతిని గూర్చియు హెచ్చరికలు గట్టిగా చేయసాగెను.

మా జట్టు కేదారయాత్ర చేసినప్పుడు మేము పండ్రెండుగురము. గుప్తకాశిలో ఒక రాత్రియు, గౌరీకుండమున రెండు రాత్రులును నిలిచి, లించౌలి యనుచోట 3,000 మీటర్లు దాటిన యెత్తున మరియొక రాత్రి గడపి, పిమ్మట గుడికి పోవలెనని నిశ్చయించుకొంటిమి. మాలో ఒక పెద్దమనిషికి ఈ జాగు రుచింపలేదు. ఆయన కష్టజీవి, ఏనాడును మంచమెక్కి యెరుగడు. "గుడి ముందర పెట్టుకొని గుడిసెలో పండుకొనుట యేమి?" అని మేనల్లుని వెంటబెట్టుకొని గౌరీకుండమున మొదటి ఉదయముననే గుఱ్ఱము మీద ముందుకు సాగెను.

మిగిలిన మేము అనుకొనినట్లే నిలిచి, ఎల్లుండి నడక ప్రారంభించితిమి. 2013 జూన్ 16, 17 తేదీలలో చోరాబాడీ సరస్సు తెగి మందాకిని విరుచుకపడినప్పుడు ఈ దారిలో రాంబాడా అను మజిలీ సమూలముగా కొట్టుకపోయెను. ఆ ఉత్పాతమున రాష్ట్రమంతట నాలుగువేలమందికి పైగా మరణించిరి లేక గల్లంతైరి. మన తెలుగు యాత్రికులును అందు చిక్కిరి. పాతదారి పోయిన పిదప నదికి ఆవలియొడ్డున క్రొత్తదారి వేసిరి. 14 కిలోమీటర్ల నడక సుమారు 16 అయినది. రాంబాడా యుండిన చోట నేడు బండరాళ్లు తప్ప మరేమియు లేవు. ఏటియొడ్డున సుఖముగా నుండునని కట్టిన విడిదికంటె గట్టుమీద చలికి వణకు పాకయే మేలని ఆ రాళ్లు చెప్పుచున్నవి.

లించౌలి చేరునప్పటికి సూర్యుడింకను కొండ వెనుకకు పోలేదు. మాకు దొరికినది రేకులు కప్పిన ఒక గది. పదిమందికి పదిపక్కలు, తేమ వాసన కొట్టు రజాయీలు, మూల ఒక బకెట్టు నీరు. ఆ నీట చేయి పెట్టిన వేళ్లు కొంకర్లు పోయినవి. విడిది నడుపు కొండవాడు మాకు వేడి తేనీరిచ్చి, వెంటనే పరుండవద్దనియు, కొంచెము పైకి నడచి మరల దిగివచ్చి పరుండుడనియు చెప్పెను. పగలు పైకి పోయి రాత్రి క్రింద పరుండుట కొండవారి పాతపద్ధతి. వైద్యులును అదియే చెప్పుదురు. రాత్రికి పలుచని కిచిడి తింటిమి. అందరికిని ఆకలి తక్కువగనే యుండెను. ఆ యెత్తున అది సహజమే.

నిద్ర ముక్కలు ముక్కలుగా వచ్చెను. ప్రక్కవాని శ్వాస ఉన్నట్లుండి కొన్ని క్షణములు నిలిచిపోయి, అంతలో పెద్దగా తీసికొనబడుచుండెను. మా జట్టులో ఒకాయన భయపడి దీపము వెలిగించెను. ఎత్తుమీద నిద్రలో ఇట్లగుట సాధారణమని అంతకుముందే వినియుండుటచే ఊరడిల్లితిమి. నడిరేయి తలుపు తట్టిరి. వానలో తడిసి వణకుచున్న యిరువురు, భాష వేరు, దేశము వేరు. గదిలో చోటు లేదని చెప్పుట సులభమే. ఒక్కొక్కరు మోకాళ్లు కొంచెము ముడుచుకొనిరి, ఇరువురకు చోటు దొరకెను. కొండపై విడిదికి ఇదియే మొదటి ధర్మము: ముందు వచ్చినవాడు వెనుక వచ్చువానికి జరుగవలెను.

తెల్లవారిన పిదప మేము పైకి పోవుచుండగా మా పెద్దమనిషి డోలీలో క్రిందికి వచ్చుచు ఎదురయ్యెను. పైకి చేరిన సాయంకాలమే ఆయనకు తల పగిలిపోవునట్లు నొప్పి పట్టెనట, అటు పిమ్మట వాంతులు. "చలివలన" అని ఎవ్వరికిని చెప్పక ఆ రాత్రియు మరునాటి పగలును దుప్పటి కప్పుకొని పడుకొనెను. రెండవ రాత్రి మేనల్లుడు లేపి చూడగా నిలువలేక తూలుచుండెను, మాట తడబడుచుండెను. అచ్చటి వైద్యశిబిరమువారు ప్రాణవాయువు పెట్టి, మందిచ్చి, వెలుగు రాగానే క్రిందికి పంపిరి. గౌరీకుండము చేరునాటికి మనిషి తేరుకొనెను, మాపటికి లేచి కూర్చుండి అన్నము తినెను. గుడి నూరుగజముల దూరమున నుండగా దర్శనము కాకుండనే తిరిగి వచ్చెను.

ఊరికి వచ్చిన పిదప "ఆయనకు ప్రాప్తము లేదు" అనిరి. ఆ మాట ఆయనను జ్వరముకంటె ఎక్కువగా కృశింపజేసెను. ప్రాప్తమునకేమి లోటు? లోపించినవి రెండు రాత్రులు. తల నొచ్చినప్పుడే చెప్పనందున ప్రాణమునకే ముప్పు వచ్చినది. దిగినందున ఆ ప్రాణము దక్కినది. ఆయన దిగుట ఓటమి గాదు, ఆ యాత్రలో ఆయనకు జరిగిన మేలంతయు ఆ దిగుటలోనే యున్నది.

బలవంతులకు ఈ నియమము లేదనుకొందురేమో. మన తెలంగాణపు పిల్లలనే చూడుడు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, ప్రభుత్వ సాంఘికసంక్షేమ గురుకుల విద్యార్థులు, 2014 మే 25న టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖర మెక్కిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారు కొండ యెక్కుట మొదట నేర్చినది మనకు హైదరాబాదు పోవు దారిలో కనబడు భువనగిరి బండమీద. అంతటి చురుకైన పిల్లలును శిఖరమునకు ఒక్క ఊపున పోలేదు. ఎవరెస్టు నెక్కువారు ఒక విడిది నుండి పై విడిదికి పోయి, మరల దిగి, దేహము అలవడిన పిదపనే ముందుకు సాగుచు వారములు గడపుదురు. పదునాలుగేండ్ల కాళ్లకు తప్పని ఓపిక అరువదేండ్ల కాళ్లకు తప్పునా?

పరదేశములందును ఇదే ధర్మము. ఐరోపాఖండమున ఆల్ప్స్ పర్వతములపై గ్రేట్ సెయింట్ బెర్నార్డు కనుమలో సుమారు 2,470 మీటర్ల యెత్తున పదునొకండవ శతాబ్దమున నెలకొల్పబడిన ఒక సత్రము నేటికిని నడచుచున్నది. మంచులో దారి తప్పినవారిని వెదకి తెచ్చు కుక్కలకు ఆ సత్రము పేరుపొందినది. ఇటలీ దేశపు సరిహద్దున మోంటే రోజా శిఖరముపై 4,554 మీటర్ల యెత్తున 1893లో మార్గరీటా అను రాణి పేర ఒక గుడిసె తెరువబడెను. ఏంజెలో మొస్సో అను శాస్త్రజ్ఞుడు అచ్చటనే మనుష్యుల శ్వాసను, నిద్రను పరీక్షించెను. ఆ పర్వతములలో అనేకమైన గుడిసెలయందు, శీతకాలమున కాపరి దిగిపోయిన పిమ్మటను, ఒక గది బాటసారులకై తెరిచియే యుంచుదురు. మన దేశమున 1962 తరువాత ఎత్తైన సరిహద్దులకు పంపబడిన సైనికుల బాధలను ఇందర్ సింగు అను సైన్యవైద్యుడును ఆయన సహచరులును పరిశీలించి, 1,925 మంది సైనికుల వృత్తాంతముతో 1969లో ప్రకటించిన వ్యాసము లోకమంతట ప్రమాణమైనది. ప్రాయపు సైనికునికే తప్పని బాధ అది.

కావున యాత్రకు పోవు పెద్దలకు నా విన్నపము లివి. బయలుదేరుటకు ముందే వైద్యునకు గుండె, రక్తపుపోటు చూపించుకొనుడు. రోజు తిను మందులు విడువకుడు. ఎత్తునకు అలవడుటకు అసిటజోలమైడ్ అను మాత్ర కలదు. వైద్యుడు చెప్పినగాని దానిని మ్రింగరాదు, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే ఆయనకు చెప్పవలెను. విడిదికి ప్రొద్దుండగానే చేరుడు. నీరు మాటిమాటికి త్రాగుడు. మద్యము, నిద్రమాత్రలు ఆ యెత్తున ముట్టవలదు. తలనొప్పి, వాంతి, కన్ను తిరుగుట వచ్చిన దాచకుడు, ఆ రాత్రికి మరి పైకి పోకుడు. తూలుడు, మాట తడబడుట, కూర్చున్నచోటనే ఆయాసము, దగ్గుతో నురుగు కనబడినచో తెల్లవారువరకు చూతమనక వైద్యశిబిరమునకు చెప్పి వెంటనే క్రిందికి దింపవలెను. అట్టి జబ్బునకు దిగుటకంటె మించిన చికిత్స లేదు. జట్టుతో పోవువారు ఒకరి నొకరు కనిపెట్టి యుండుడు. రోగి తన రోగమును తానే గుర్తింపలేని జబ్బు ఇది.

ఇక ఊరిలో నుండువారికిని ఒక మాట. దర్శనము కాక తిరిగివచ్చినవానిని ఎత్తిపొడువకుడు. మీరు పొడుతురను భయముననే మరియొకడు తలనొప్పి దాచుకొని పైకి పోవును. కేదారేశ్వరుడు సైతము ఏటేట మంచు పడుసరికి కొండ దిగి ఊఖీమఠము చేరుచున్నాడు. ఆయన దిగుటను మనము ఉత్సవముగా చేయుచున్నాము. అట్టి స్వామిని చూడబోయి ప్రాణముతో దిగివచ్చినవానిని ఊరి పొలిమేరలో ఎదుర్కొని, కాళ్లు కడిగి, యింటికి తోడ్కొని పోవుట మన ధర్మము. గుడి మరుసటి యేటను అచ్చటనే యుండును.